మేడసభను నిలబెట్టిన పడవవాడు

చంద్రశిలా రాజ్యంలో కళ్ళు ఎర్రబడని మనిషిని చూడాలంటే కొండెక్కాల్సిందే.

ఆ కొండ పేరు నీలకూటం. దాని నెత్తిమీద మేడసభ. పాలరాతి గోడలు, పగడపు లతలు చుట్టిన స్తంభాలు, వైడూర్యాలు పొదిగిన కప్పు. ఆ కప్పు కింద వేలాడే బంగారు నెమళ్ళు గాలి సోకితే చాలు, పింఛాలు విప్పి దొరలకు వీచేవి. లోపల హంసతూలికలు పరిచిన పీఠాలు. ఆ పీఠాల మీది దొరల్ని ఎవరూ ఎన్నుకోలేదు. ఏ పాతకాలంలోనో వాళ్ళ ముత్తాతలు కనుమ దగ్గర శత్రువుల్ని ఆపారట, మెచ్చిన తొలి రాజు పీఠాలు ఇచ్చాడట. ఆపినవాళ్ళు మట్టిలో కలిసి ఎంత కాలమైందో ఎవరికీ గుర్తులేదు. పీఠాలు మాత్రం వాళ్ళ వంశాల్లో కదలకుండా ఉన్నాయి.

కొండ కింద నేలసభ ఉంది. దానికి తాటాకు కప్పు, వానొస్తే కారుతుంది. అందులో కూర్చునేవాళ్ళను ఊళ్ళ జనం కుండల్లో గులకరాళ్ళు వేసి ఎన్నుకుంటారు. నేలసభ ఏ శాసనం చేసినా మేడసభ ఔనంటేనే దానికి ప్రాణం. కాదనడానికి మేడసభ నోరు విప్పనక్కరలేదు, నిద్రపోతే చాలు. నిద్రపోయే సభ్యుడు కాదన్నట్టే లెక్క అని వాళ్ళే రాసిపెట్టుకున్నారు.

ఆ నిద్ర ఎక్కడిదో తెలిస్తే ఎవరికైనా కడుపు రగిలిపోతుంది. కాలకంపనుడనే మాంత్రికుడు సభ నడిమధ్య ఒక రాగి కొప్పెర నిలిపాడు. కింది ఊళ్ళ జనం నిద్ర నీలిపొగలా కొండెక్కి వచ్చి ఆ కొప్పెరలో చేరుతుంది, అక్కడినుంచి పీఠాల మీదున్నవాళ్ళ ముక్కుల్లోకి పోతుంది. ఆ పొగ పీల్చిన దొరకు చావు దగ్గరికి రాదు. కింద జనం మాత్రం చాప వేసుకుంటారు, పడుకుంటారు, కళ్ళు మూసుకుంటారు, తెల్లారేదాకా అలాగే ఉండి లేచి పనుల్లోకి పోతారు. కుమ్మరి సారె మీద కుండ పక్కకి ఒరిగినా చూస్తూ కూర్చుంటాడు. తల్లి పాడిన జోలపాటే మళ్ళీ మొదలుపెడుతుంది.

ఆ ఊళ్ళలో ఒకటి కేతకిరేవు. అక్కడ పడవ నడిపే కేదారుణ్ణి రేవు జనం నేలసభకు ఎన్నుకున్నారు. మేడసభలో కూర్చునేవాళ్ళను కూడా జనమే ఎన్నుకోవాలని నేలసభ చేసిన శాసనాన్ని అతని తాత మోసుకుని కొండెక్కాడు, తండ్రి ఎక్కాడు, అతనూ ఎక్కాడు. వాకిట్లో నిలబెట్టి చర్చ సాగుతోంది, మళ్ళీ రమ్మన్నారు. కేదారుడికి కోపం కూడా అరిగిపోయింది. ఈసారి వెళ్ళకపోయేవాడే గానీ, నాలుగు రోజుల కిందట అతని భార్య సోమిదేవి దీపంలో నూనెకు బదులు మజ్జిగ పోసింది. అదేమని అడిగితే "నువ్వెవరయ్యా, మా ఆయన రేవులో ఉన్నాడు, వచ్చాక అడుగు" అంది. ఇక నిద్ర పట్టకపోతే ఈమె వచ్చే పున్నమి చూడదు అని వైద్యుడు ఆవలిస్తూ చెప్పాడు.

అందుకే కేదారుడు వేషం కట్టాడు. కిందటి వానాకాలం అతను సుడిగుండంలోంచి లాగిన యువకుడొకడు, దేశాంతరం పోయి తిరిగొస్తున్న కురంగదుర్గం పీఠపు వారసుడు, వేలి ఉంగరం అతని చేతిలో పెట్టి, నా పీఠం నువ్వెక్కు అని ప్రాణం విడిచాడు. ఆ ఉంగరం తొడుక్కుని, పట్టు తలపాగా చుట్టుకుని, నట్టెండలో బోయీలు మోసే పల్లకీలో నీలకూటం ఎక్కాడు. పీఠమెక్కి, సోమిదేవి సంగతి, ఊళ్ళ సంగతి ఆ దొరల మొహాన చెప్పాలని అతని ఆశ. వాళ్ళకు తెలియక ఊరుకున్నారేమోనని ఏ మూలనో ఇంకా అనుకుంటున్నాడు పాపం.

మేడసభకు కొత్తగా వచ్చే దొర కాలు నేల తగలకూడదు. వాకిట్లో ఒక శిలాశరభం ఉంది. ఏనుగంత ఒళ్ళు, సింహం తల, గద్ద రెక్కలు. వచ్చినవాడి అరికాళ్ళు నాకి చూస్తుంది. నేల తొక్కిన పాదమని తేలితే నమిలేస్తుంది. కేదారుడు మడమల్ని రాతితో తోమి, చందనం మెత్తి వచ్చాడు. కానీ పుట్టింది మొదలు ఒండ్రులో తిరిగిన మడమలవి, పగుళ్ళలో మట్టి ఎక్కడికి పోతుంది?

శరభం నాలుక కుడి మడమ దగ్గర ఆగింది. రాతి కళ్ళు నిప్పుల్లా వెలిగాయి. అది నోరు తెరిచి గర్జించగానే బోయీలు పల్లకీ కిందపడేసి తలో దిక్కూ పరుగెత్తారు. పడేలోగా కేదారుడు వాకిటి గంట గొలుసు అందుకుని వేలాడాడు. శరభం ఎగిరింది. అతను ఊగి తప్పించుకున్నాడు. గొలుసు తెగింది. తెగిన గొలుసుతో సహా సరాసరి దాని కోరల మీదికే వచ్చి పడుతూ ఉంగరమున్న పిడికిలిని నోట్లోకి దూర్చేశాడు.

కురంగదుర్గం ముద్ర నాలుకకు తగలగానే శరభం తెల్లబోయింది. కాలు నేలది, ఉంగరం మేడది. ఏం చెయ్యాలో దానికెవరూ చెప్పలేదు. చివరికి మర్యాదే మేలనుకుందో ఏమో, ముందుకాళ్ళు వంచి మోకరిల్లింది. చేతిమీద కోర చేసిన గాయం నెత్తురోడుతుంటే కేదారుడు దాని వీపుమీదే కూర్చుని, కాలు కింద మోపకుండా సభలోకి వెళ్ళి పీఠమెక్కాడు. అంత జరిగినా అతనికి వచ్చింది ఆవలింతే.

పీఠం ఎంత మెత్తగా ఉందో చెప్పలేం. నీలిపొగ తీగలా వచ్చి ముక్కుకు తగిలింది. ఎన్నాళ్ళకో ఒళ్ళు బరువెక్కింది. సంపెంగల వాసన, తల్లి చీర చెంగు వాసన కలిసిన నిద్ర అది. తన ఊరివాళ్ళదేనని తెలిసీ కేదారుడి తల వెనక్కి వాలిపోబోయింది. గాయం మీద గోరు గుచ్చుకుని కళ్ళు తెరిచాడు.

ఆ పూట చర్చ మేడసభ సంస్కరణ మీదే. ఏ పూటైనా దానిమీదే. అగ్రాసనం మీద పుండరీక దేవర బంగారు కర్ర పట్టుకుని కూర్చున్నాడు. మాట్లాడే వంతు వచ్చినవాళ్ళు మాత్రం మేలుకుంటారు, తక్కినవాళ్ళు గురక పెడతారు.

హేమవల్లి దొరసాని పీఠం మీంచే అంది. "సంస్కరణ కావాలని మా అత్తగారు అనేవారు. నేనూ అంటున్నాను. రేపు నా కోడలూ అంటుంది. ఇంతమందిమి ఒప్పుకున్న విషయానికి తొందరేముంది దేవరా?"

"బాగా సెలవిచ్చారు" అన్నాడు ఎదుటి వరసలోని ఒక దొర. "జనం ఎన్నుకున్నవాళ్ళు జనానికి కావలసింది చేస్తారు. ఆ పని కింద సభలో జరుగుతూనే ఉందాయె. జనానికి అక్కర్లేనిది చేసేవాళ్ళు కూడా ఒకరుండాలి కదా? అదే మనం."

"దీనిమీద సంఘం వేశాం గదా, ఏమంటుంది?" అని దేవర మూలకి చూశాడు. అక్కడ సంఘం వారు సాలెగూళ్ళ కింద ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి ఉన్నారు. దేవర కాసేపు చూసి, "సంఘం ఆలోచనలో ఉంది" అన్నాడు.

కేదారుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. లేవబోయాడు. పక్క పీఠంలోంచి ఒక ముడతల చెయ్యి అతని ఉత్తరీయం పట్టి లాగింది. అది భల్లాట నాయకుడిది. సభలోకెల్లా ముసలివాడు. కనుబొమలు గడ్డాన్ని అందుకుంటున్నాయి.

"కూర్చో అబ్బాయ్. కొత్తవాడు మొదటి ఏడాది మాట్లాడకూడదు. మాట్లాడితే పెదాలు కుట్టేస్తారు."

"ఏడాదా!" అన్నాడు కేదారుడు. "అంతదాకా నా భార్య బతకదండీ."

"ఏడాదంటే ఎంత, ఓ కునుకు."

"తాతగారూ, ఈ లోపల నోరు విప్పే దారే లేదా?"

ముసలాయన బద్ధకంగా నవ్వాడు. "ఉందిలే. పీఠం వదులుకునేవాడు ఎప్పుడైనా మాట్లాడొచ్చు. వాడి మాట అయ్యేదాకా అందరూ లేచి నిలబడి వినాలి, వాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. మధ్యలో చతికిలబడ్డవాడి పీఠం కూడా పోయినట్టే. పోయేవాడికి ఆ మాత్రం గౌరవం ఉండాలని మా పెద్దలు పెట్టారు. ఇంతవరకూ ఎవడూ పోలేదనుకో, అది వేరే సంగతి." ఆ మాటతోనే ఆయన గురక మొదలైంది.

కేదారుడు ఒక్క క్షణం పీఠం చేతుల్ని తడిమాడు. నిజం చెప్పాలంటే అతనికి లేవాలని లేదు. తాతనాటినుంచీ వస్తున్న అలసట అంతా ఆ మెత్తదనంలోకి దిగిపోతోంది. ఒక్క కునుకు తీసి లేస్తే తప్పేముందని మనసు గారాలు పోయింది. అప్పుడు సోమిదేవి మజ్జిగ పోసిన దీపం ముందు కూర్చుని, వెలుగుతుందని ఎదురుచూసిన మొహం గుర్తొచ్చింది. లేచి నిలబడ్డాడు.

"కురంగదుర్గం పీఠం వదులుకుంటున్నాను!"

దేవర చేతిలో కర్ర జారి ఖంగుమంది. గురకలు ఆగిపోయాయి. "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని గుసగుసలు. విషయం అర్థమయ్యేసరికి పీఠాల మీద భయం పాకింది. ఒకరినొకరు చూసుకుని, పీఠం పోతుందన్న బెంగతో అందరూ లేచారు. మోకాళ్ళు టకటకమన్నాయి. నగలు గలగలమన్నాయి. కొందరు తమ కాళ్ళను తామే గుర్తుపట్టలేక కిందికి చూసుకున్నారు. భల్లాట నాయకుడు స్తంభం పట్టుకుని వణుకుతూ నిలబడ్డాడు.

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. కొప్పెరలోని నీలిపొగ ముక్కులు వెతుక్కుంటూ పీఠాల దాకా వెళ్ళింది. పీఠాలన్నీ ఖాళీ. కాసేపు సుళ్ళు తిరిగి, కిటికీలోంచి బయటపడి, కొండ వాలు మీదుగా కిందికి పారింది. కాలకంపనుడు కట్టిన మంత్రం కూర్చున్న ఒంటికే పనిచేస్తుంది. దొరలు లేస్తారని వాడు కలలో కూడా అనుకోలేదు.

కేదారుడు కిటికీలోంచి చూశాడు. పట్టపగలు, నడినెత్తిన సూర్యుడు. పొగ తాకిన పొలంలో రైతు నాగలి వదిలి గట్టుమీద ఒరిగాడు. బావి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి ఒకరి ఒళ్ళో ఒకరు తలపెట్టుకున్నారు. సంతలో బేరాలు ఆగిపోయాయి. ఊరి తరవాత ఊరు పడుకుంటోంది. పొగ ఇంకా ఏటి దాకా పోలేదు. కేతకిరేవు ఏటి అవతల, అన్నిటికంటే దూరంలో ఉంది.

ఇక తాను చెయ్యవలసింది ఒకటే. మాట ఆపకూడదు.

మాట్లాడాడు. నిద్రలేని జోలపాటల గురించి చెప్పాడు. ఎడ్లు దారిలో నిలబడిపోతే బండివాడు కూడా వాటితో నిలబడిపోవడం గురించి చెప్పాడు. పెళ్ళిపీటల మీద వధూవరులు ఒకరి మొహం ఒకరు గుర్తుపట్టక అందరివంకా చూసిన సంగతి చెప్పాడు. తాత శాసనం పట్టుకుని ఈ వాకిట్లో ఎండలో నిలబడి నిలబడి కూలిన సంగతి చెప్పాడు. దొరల కళ్ళు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. హేమవల్లి దొరసాని కొంగుతో మొహం తుడుచుకుని, "ఇదంతా నిజమేనా?" అని పక్కావిడను అడిగింది.

ఇంతలో నల్లని వస్త్రాలు రెపరెపలాడిస్తూ కాలకంపనుడు ఊడిపడ్డాడు. మెడలో గుడ్లగూబ కళ్ళ దండ, చేతిలో ఎముక కర్ర. మాట్లాడేవాణ్ణి ముట్టుకునే వీలు లేదు గనక దూరంగా నిలబడి శోషమంత్రం విసిరాడు. కేదారుడి నోరు పిడచగట్టింది. నాలుక ఎండుటాకయింది. అయినా గొంతు పెగల్చుకుని, మాటలు దొరక్క, రేవులో పడవ కదిలేముందు వేసే కేకలే వెయ్యడం మొదలుపెట్టాడు. "ఎక్కండమ్మా, జరగండయ్యా, పిల్లల్ని మధ్యన కూర్చోబెట్టండి..."

మాంత్రికుడి కళ్ళు మెరిశాయి. "ఆ అరచేతులు చూడండి దొరల్లారా! తెడ్డు పట్టిన కాయలు! వీడు కురంగదుర్గం వారసుడు కాదు, రేవులో పడవవాడు!"

సభ గొల్లుమంది. కేదారుడు దాచలేదు. "అవును, పడవవాణ్ణే. మీ వారసుడు నా చేతుల్లో పోయాడు. పోతూ ఈ పీఠం నన్నెక్కమన్నాడు" అన్నాడు.

"అయితే వీడికి పీఠమే లేదు! వదులుకోవడమేమిటి, మనం నిలబడడమేమిటి!" అని అరిచాడు ఒక దొర. అరిచాడే గానీ కూర్చోలేదు. ముందు పక్కవాడు కూర్చుంటాడేమోనని చూశాడు. పక్కవాడు ఇటే చూస్తున్నాడు.

"దేవరా, తీర్పు చెప్పండి. వీడి మాట చెల్లుతుందా చెల్లదా?"

పుండరీక దేవర పెదాలు తడుపుకున్నాడు. "తీర్పు ఆసనం మీద కూర్చునే చెప్పాలి. అది చెల్లే మాటైతే, కూర్చుంటే నా ఆసనం పోతుంది."

"అయితే నిలబడి చెప్పండి."

"నిలబడి చెప్పిన తీర్పు తీర్పు కాదు."

ఇక చూడాలి వాళ్ళ అవస్థ. తరతరాలుగా చర్చల్లో ఆరితేరినవాళ్ళు, నిలువుకాళ్ళ మీద మళ్ళీ చర్చ మొదలుపెట్టారు. దీనిమీదా సంఘం వేద్దామన్నారు. సంఘం ఎక్కడ కూర్చోవాలన్న దగ్గర అదీ ఆగింది. ఆ వాదన సాగినంతసేపూ నీలిపొగ కిందికి పారుతూనే ఉంది. కేదారుడికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

కాలకంపనుడు మాత్రం వాదనకు దిగే రకం కాదు. "తీర్పు సంగతి తరవాత. సభ్యుడు కానివాణ్ణి సభలోంచి గెంటడానికి తీర్పెందుకు? పట్టండి!" అన్నాడు. భటులు కేదారుడి రెక్కలు విరిచి పట్టుకున్నారు. నోట్లో గుడ్డ కుక్కారు. అతని మాట ఆగిపోయింది.

మాట ఆగింది గనక దొరలు అమ్మయ్య అనుకుని నడుములు వంచారు. ఇంకో క్షణంలో అందరూ పీఠాల మీద ఉంటారు. ఏటి ఒడ్డుదాకా పోయిన పొగ అక్కడే నిలిచి, వెనక్కి తిరగబోయింది. కేదారుడు గింజుకున్నాడు. రేవు కనిపిస్తూనే ఉంది. ఏరు దాటితే చాలు.

"ఆగండర్రా." స్తంభం దగ్గర్నుంచి ఒక వణుకు గొంతు వినిపించింది. "భల్లాటదుర్గం పీఠం నేను వదులుకుంటున్నాను. ఇది నా పీఠమేననడానికి మీ అందరూ సాక్షులే."

వంగిన నడుములు వంగినట్టే ఆగి మళ్ళీ నిటారయ్యాయి. కాలకంపనుడి మొహం కందగడ్డయింది. "ఏం పని నాయకా ఇది? ఆ నిద్ర లేకపోతే నీకు ఎన్నాళ్ళుంటుంది బతుకు?"

"ఈ సాయంత్రం దాకా ఉంటుందేమో" అన్నాడు ముసలాయన. "నా తాత కనుమలో ఓ రాత్రంతా మేలుకుని కాపలా కాశాడు. అందుకిచ్చారు ఈ పీఠం. నేను దీన్ని పడుకోవడానికి వాడుకున్నాను. సిగ్గుగా ఉంది. ఆ అబ్బాయి తెచ్చిన శాసనం మీద నేను మాట్లాడతాను. ఇక్కడ కూర్చోవలసినవాళ్ళని ఊళ్ళవాళ్ళు పంపాలి..."

ఆయన మాట్లాడుతున్నాడు. ఒక్కో మాటకూ ఆయన జుట్టు రాలుతోంది, వీపు ఇంకా వంగుతోంది. దొరలు నిలబడే ఉన్నారు. పొగ ఏటి మీదికి దిగింది.

మాంత్రికుడికి ఆయన్ని ముట్టుకునే వీలు లేదు, విసిరిన శోషమంత్రమూ ఆయన మాట ఆపలేకపోయింది. ఆ కసి అంతా పడవవాడి మీద తీర్చుకున్నాడు. వాడు సైగ చెయ్యగానే భటులు కేదారుణ్ణి సభ వెనక అగాధం మీదికి తెరుచుకునే కిటికీ దాకా ఈడ్చి, ఎత్తి, విసిరేశారు. ఆకాశం, కొండ, ఆకాశం గిర్రున తిరిగాయి. రాతి సందులో మొలిచిన మేడి వేరు ఒకటి చేతికి తగిలింది. పట్టుకున్నాడు. భుజం కలుక్కుమంది గానీ వేరు నిలిచింది. కిందెక్కడో మొసళ్ళ మడుగు గంధకపు బుడగలు కక్కుతోంది. పైన కిటికీ రెండు నిలువుల ఎత్తులో ఉంది. చేతికి అందేలా రాతి పగుళ్ళున్నాయి. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి ఎక్కడం కష్టమేమీ కాదు.

రెండో చేత్తో నోట్లో గుడ్డ పీకేసుకుని, ఏటివైపు చూశాడు. పొగ అవతలి ఒడ్డు చేరింది. కేతకిరేవులో కట్టిన పడవల మీద, గుడిసెల మీద పరుచుకుంది. ఒక వాకిట్లో నిలబడి ఎవరికోసమో చూస్తున్న ఆకుపచ్చ చీర మెల్లగా అరుగుమీద కూర్చుని, పక్కకి వాలింది. ఇంత దూరంనుంచి మొహం తెలియదు. తెలియనక్కరలేదు, ఆ చీర చాలు. కేదారుడి కళ్ళు చెమ్మగిల్లాయి. అప్పటిదాకా పట్టిన ఊపిరి వదిలాడు.

వదలగానే అతని కనురెప్పలు కూడా బరువెక్కాయి.

అతనూ ఆ రేవు మనిషే కదా. అందరి నిద్రా వెనక్కి వస్తుంటే అతనిదీ వస్తుంది. ఇన్నాళ్ళ నిద్ర, ఒక్కసారిగా, ఎంత తీయగానో వస్తోంది. గాయాన్ని రాతికేసి రుద్దుకున్నాడు, నొప్పి తెలియలేదు. వేరు చుట్టూ బిగిసిన వేళ్ళు ఒకటొకటే సడలుతున్నాయి. పైన భల్లాట నాయకుడి గొంతు తడబడింది, దగ్గింది, ఆగింది. అది ఆగగానే పొగ వెనక్కి తిరగబోయింది, అతని రెప్పలు కాస్త తేలికపడ్డాయి. పై పగులు స్పష్టంగా కనిపించింది. చెయ్యి చాపితే అందుతుంది.

కిటికీలోంచి బలహీనంగా కేక వినిపించింది. "అబ్బాయ్! ఉన్నావా? ఇంకేం చెప్పాలో తోచడం లేదురా... ఆపనా?"

కేదారుడు అరుగుమీది ఆకుపచ్చ చీర వైపు చూశాడు.

"ఆపకండి తాతా!" అని అరిచాడు. "మీ చిన్నప్పటి సంగతులైనా సరే, చెబుతూనే ఉండండి!"

పైన మళ్ళీ గొంతు సాగింది. మడుగు మీద వేలాడుతూ కేదారుడు ఆవలించాడు. అతని కళ్ళు మూతపడ్డాయి.